మేనమామ ఒడి

వరస ఒక అడుగు కదిలింది. ఏకాంబరం ఆ అడుగు వేశాడు. అతని ముందు తల్లి నాగులమ్మ, ఆమె ముందు భార్య మునిరత్నమ్మ, మునిరత్నమ్మ భుజాన చెంగయ్య. వాడికి ఇంకా ఏడాది నిండలేదు. వాడి పుట్టువెంట్రుకలు ఇవ్వడానికి చిత్తూరు నుంచి రైల్లో తిరుపతి వచ్చి, పొద్దున మొదటి బస్సులో కొండెక్కారు. కల్యాణకట్టలో మంగళ్ళు బారుగా కూర్చుని ఉన్నారు. తోలుపట్టీ మీద కత్తి నూరే చప్పుడు, తల మీద నీళ్ళు కొట్టే చప్పుడు, గోవిందా అని కేక, పిల్లల ఏడుపు, మళ్ళీ తోలుపట్టీ. ఏకాంబరం కత్తుల వైపు చూడకూడదనుకున్నాడు. అటు చూడకపోతే పిల్లవాడి తల కనిపిస్తోంది. వెంట్రుకలు చెవుల మీదికి పడ్డాయి. అవి ఎత్తితే చెవి వెనక ఒక నరం కనిపిస్తుంది. రత్నమ్మ నీళ్ళు పోసేటప్పుడు అతను దాన్ని చూశాడు. వాడి కాళ్ళు ఆమె నడుముకు అటూ ఇటూ వేలాడుతున్నాయి, మోకాళ్ళ మీద కమిలిన మచ్చలు. పాకడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఉన్నాయి. ఒకటి పచ్చబడేసరికి ఇంకొకటి నల్లబడుతుంది. పాకే పిల్లలందరికీ మోకాళ్ళు ఇట్లా కమలవు. ఎదురింటి పిల్లవాడిది అదే వయసు, అదే గచ్చు, వాడి మోకాళ్ళకు మట్టి తప్ప ఏమీ అంటలేదు. నాగులమ్మ దిష్టి అని పసుపు రాసింది. రత్నమ్మ పాత చీర మడతలు పెట్టి నేల మీద పరిచింది, వాడు చీర దాటి పాకాడు.  ఏకాంబరానికి తెలుసు. తెలిసి, ఈ వరసలో నిలబడ్డాడు.

తెలుసు అంటే వేలూరు డాక్టరమ్మ చెప్పింది. రెండో కొడుకు పోయిన తరవాత అతను ఇంట్లో చెప్పకుండా వేలూరు వెళ్ళాడు. ఆమె బల్ల మీద చెయ్యి పెట్టి ఒక్కొక్క వేలు ముడుస్తూ అడిగింది. మీ అమ్మ తోడబుట్టిన మగవాళ్ళు? ఇద్దరండీ, లేరు, ఒకాయన పన్ను ఊడి, ఇంకొకాయన కొడవలి తగిలి. మీ తోడబుట్టినవాళ్ళు? అక్క ఉంది, అన్న చింతచెట్టు మీంచి పడ్డాడు, దెబ్బ పెద్దది కాదు, అయినా పోయాడు. మీ భార్య తోడబుట్టినవాళ్ళు? తమ్ముడు, బొడ్డు కోసినప్పుడే. ఆమె ముడిచిన వేళ్ళు అట్లాగే ఉంచి అతని వైపు చూసింది. మీ భార్య మీకు ఏమవుతుంది? అక్క కూతురు. అప్పుడు చెప్పింది. ఈ జబ్బులో నెత్తురు గడ్డకట్టదు. ఆడవాళ్ళు మోస్తారు, సాధారణంగా వాళ్ళకేమీ కాదు. మోసే తల్లి కొడుకుల్లో సగం మందికి తగులుతుంది, కూతుళ్ళలో సగం మంది మళ్ళీ మోస్తారు. మీకు లేదు, మీ నుంచి ఎవరికీ పోదు. మందు లేదు, గాయం కాకుండా చూసుకోవాలి. గాయం కాకుండా మగపిల్లవాణ్ణి పెంచడం ఎట్లాగో ఆమె చెప్పలేదు. తలుపు దాకా వచ్చి, ఇట్లాంటిది సృష్టిలో దానంతట అదే తుడిచిపెట్టుకుపోవాలి గదా, ఎందుకు పోలేదో, అంది. అతనితో అన్నట్టు లేదు.

ఎందుకు పోలేదో అతను చెప్పగలడు. అతను చిత్తూరు హైస్కూల్లో ప్రకృతి శాస్త్రం చెబుతాడు. ప్రకృతి వరణం అని పాఠంలో ఉంది, ఆ మాట పిల్లలకు ఎక్కకపోతే చెరగడం అని చెప్పాడు. చేటలో వడ్లు పోసి చెరిగితే తాలు ఎగిరిపోతుంది, గింజ మిగులుతుంది, జంతువులు అట్లాగే మారుతూ వచ్చాయి. మరి మనుషులో? ఆ ప్రశ్న వేసినవాడు తెలుగు పండితుడు ధనంజయ, టీ తాగే వేళ. కోతికి తోక ఊడి మనిషయినాడంటివి గదప్పా, ఇప్పుడేం ఊడతా ఉండాది? వెంట్రుకలు, అన్నాడు ఏకాంబరం, నీ తల చూసుకో. అందరూ నవ్వారు. తరవాత ఏకాంబరం నిజంగానే జవాబు చెప్పాడు. మనిషి విషయంలో చెరగడం ఆగిపోయింది. అమ్మవారికి టీకా వచ్చింది, చలిజ్వరానికి కొయినా మాత్ర వచ్చింది, కుంటివాడూ గుడ్డివాడూ బతుకుతున్నారు, పిల్లల్ని కంటున్నారు, ఇక చెరిగేదెవరు? ధనంజయ అతని కళ్ళద్దాలు లాక్కుని తన ముక్కుకు తగిలించుకుని, ఇవి లేకుంటే నిన్ను ఏ పొద్దో పులి తినేసుండునే, అన్నాడు. ఇప్పుడు పులి యాడుందప్పా, అన్నాడు ఏకాంబరం. పులి లేకుంటే ఇంకోటి ఉంటాది, సెరిగే సెయ్యి ఊరికే ఉంటుందా, అన్నాడు ధనంజయ. అది తమాషాకు అన్న మాట. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఏకాంబరం పెద్దకొడుకును ఎత్తుకుని ఆడించాడు. అప్పుడు పెద్దవాడు ఉన్నాడు.

వరస కదిలింది. వెనక ఎవరో అతని భుజం మీద తట్టారు. పలమనేరు ఆమె, బస్సులో కూడా వెనక సీటే. "ఏం సామీ, మగబిడ్డేనా? ఆ జుట్టు సూసి ఆడబిడ్డనుకుంటి. నిద్దరపోతా నిలబడినావే, కదులు, మా యప్ప ఆకిలికి సచ్చిపోతా ఉండాడు." ఆమె ముగ్గురు పిల్లల్ని తెచ్చింది, వాళ్ళలో ఒకడికి నెత్తి మీద పాత గాటు ఉంది, ఎప్పుడో తగిలి మానింది. మానింది. ఏకాంబరం ఆ గాటునే చూశాడు. ఆమె తల, ఆమె మొగుడి తల, వాళ్ళ నాయనల తలలు ఇక్కడే గీశారు. ఎన్ని వందల ఏళ్ళుగా గీస్తున్నారో ఎవరికీ తెలియదు. మంగలి చెయ్యి ఎంత మంచిదైనా ఎప్పుడో ఒకప్పుడు గాటు పడుతుంది, పటిక రుద్దుతారు, ఆగుతుంది. ఆగనివాడు పెళ్ళి దాకా రాడు, వాడికి పిల్లలు ఉండరు. అంటే ఈ వరసలో ఉన్న మగవాళ్ళందరూ కత్తిగాటుకు నిలిచిన మగవాళ్ళ పిల్లలు. గోవిందా అంటున్న ఈ జనమంతా మిగిలిన గింజ. టీ గ్లాసు పట్టుకుని చెరగడం ఆగిపోయిందని చెప్పిన మనిషి చేటలోనే నిలబడి ఉన్నాడు, కొడుకును తెచ్చాడు. అయితే డాక్టరమ్మ అడిగినట్టు, ఇన్ని వందల ఏళ్ళు చెరిగినా ఎందుకు పోలేదు? ఆడవాళ్ళు ఉన్నారు గనక. కత్తి కొడుకును చెరుగుతుంది, తల్లి మిగులుతుంది, అక్క మిగులుతుంది, వాళ్ళ కడుపులో అది మిగులుతుంది. పోయినవాడి బదులు ఇంకొకణ్ణి కంటారు.

పెద్దవాడి మొక్కు మూడో ఏట అనుకున్నారు. అంతలోనే వాడు గడప తగిలి పడి నాలుక కొరుక్కున్నాడు. నోట్లోంచి నెత్తురు వస్తూనే ఉంది, మింగుతూనే ఉన్నాడు, మింగినందువల్ల ఎంత పోయిందో ఎవరికీ తెలియలేదు. మొక్కు ఆలస్యం చేసినందుకు స్వామి తీసుకున్నాడని నాగులమ్మ తేల్చింది, ఊరంతా అవునంది. అందుకని రెండోవాణ్ణి పాకే వయసులోనే తెచ్చారు. అప్పటికి కొండకు బస్సు లేదు, మెట్లెక్కారు. దూరపు చుట్టం ఒకడు మేనమామగా కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడివైపు పూర్తయి కత్తి చెవి వెనక్కి వచ్చినప్పుడు గాటు పడింది. చిన్న గాటు. పటిక పెట్టారు, పసుపు పెట్టారు, విభూది పెట్టారు. మంగలి భయపడి కత్తి కింద పెట్టేశాడు. ఏకాంబరం కండువా చుట్టి పిల్లవాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగాడు, గాలిగోపురం దగ్గర కండువా మార్చాడు, కింద సత్రంలో దుప్పటి చించాడు. వాడు శనివారం దాకా ఉన్నాడు. సగం తల గుండు, సగం జుట్టు. జుట్టు ఉన్న వైపు రత్నమ్మ దువ్వుతూ కూర్చుంది, ఎవరు చెప్పినా దువ్వెన వదల్లేదు. సగం గుండుతోనే పూడ్చారు. మొక్కు సగంలో ఆపినందుకు పోయాడని నాగులమ్మ ఈసారి తేల్చింది. ఆలస్యం చేయగూడదు, సగంలో ఆపగూడదు. ప్రతి చావుకూ ఆమె ఒక పాఠం నేర్చుకుంది. ఆ పాఠం మిగిలిన పిల్లవాణ్ణి కత్తి దగ్గరికి ఇంకొంచెం తొందరగా తెచ్చింది.

అతను ఆపడానికి చూశాడు. సెలవు దొరకలేదన్నాడు, వానలన్నాడు, రైల్లో జనమన్నాడు. నాగులమ్మ అన్నం మానేసింది. రత్నమ్మ అత్త పక్షం చేరింది. అత్త అంటే ఆమెకు అవ్వ, అమ్మను కన్నది. మామా, ఈడిని గూడా ఆలీసెం సేసి పోగొడతావా, అని ఆమే మూట కట్టింది. అప్పుడు చెప్పొచ్చు. చెబితే ఏమని చెప్పాలి? నోరు తెరిస్తే ఆ మాట నలుగురు ఆడవాళ్ళ మీద పడుతుంది. అమ్మ మీద, అక్క మీద, రత్నమ్మ మీద, ఇంటి దగ్గర అక్కతో వదిలి వచ్చిన తొమ్మిదేళ్ళ కూతురు సుబ్బులు మీద. మగవాళ్ళను మింగే కడుపు అంటారు. అంటారని అతనికి తెలుసు, వాళ్ళ వీధిలో ఒకామెను అన్నారు, ఆమె నీళ్ళకు కూడా ఎవరూ లేని వేళ చూసి వచ్చేది. వేలూరు నుంచి వచ్చాక అతను నెలల తరబడి తిన్నె మీద పడుకున్నాడు. ఇంకొకణ్ణి పుట్టించకుండా ఉంటే చాలనుకున్నాడు. ఒక పొద్దు రత్నమ్మ చెంబు తెచ్చి పక్కన పెట్టి, నా మీద కోపమా మామా, అంది. బిడ్డల్ని నిలుపుకోలేదని కోపమా? అతను లోపలికి వెళ్ళాడు. సగం అని గదా చెప్పింది డాక్టరమ్మ, సగం అంటే బతికే సగం అనుకున్నాడు. మనిషి సగం అన్న మాటను ఎప్పుడూ అట్లాగే వింటాడు.

రత్నమ్మ మొదటిసారి అతని ఒళ్ళో కూర్చున్నది ఆమె చెవులు కుట్టించినప్పుడు. అతను అప్పటికి నిక్కరు వేసుకునే పిల్లవాడు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి, ఇంట్లో ఉన్న మేనమామ అతనొక్కడే. కంసాలి ఆచారి తీగ గుచ్చాడు, పిల్ల గుక్కపట్టింది, అతని చొక్కా మీద ఒక చుక్క పడి అక్కడితో ఆగింది. పెద్దవాళ్ళు నవ్వారు, నీ పెండ్లామేరా, గట్టిగా పట్టుకో, అన్నారు. అతను సిగ్గుపడి గట్టిగా పట్టుకున్నాడు. బయటి పిల్లను చేసుకుని ఉంటే అతని కొడుకులు బతికి ఉండేవాళ్ళు. రత్నమ్మ బయటికి వెళ్ళి ఉంటే ఇంకెవడి కొడుకులో పోయి ఉండేవాళ్ళు. ఆ లెక్క అతను చాలాసార్లు వేశాడు. ఎటు వేసినా రత్నమ్మ దగ్గరే వచ్చి ఆగుతుంది, ఆమె చేతిలో దువ్వెన ఉంటుంది.

"రా తల్లీ, కూకో." మంగలి పెంచలయ్య కత్తి తుడిచి పక్కన పెట్టాడు. రత్నమ్మ పలక మీద కూర్చుని పిల్లవాణ్ణి ఒళ్ళోకి దించుకుంది. ఆమే రాగిచెంబులోని నీళ్ళు దోసిట్లో తీసుకుని వాడి తల తడిపింది. వాడు నీళ్ళకు నవ్వాడు. పెంచలయ్య చుట్టూ చూశాడు.

"పిల్లోడి మేనమామ యాడ?"

"లేడబ్బా," అంది నాగులమ్మ. "వాళ్ళ నాయన పట్టుకుంటాడులే."

"నాయన ఎట్లమ్మా? అది వరస గాదే."

"మా తమ్ముడుండాడు గదా!" అని వెనక నుంచి పలమనేరు ఆమె ఒకణ్ణి ముందుకు తోసింది. "మే అమ్మే, ఈ పొద్దు నుంచి వీడు నీకు అన్న. సీర పెట్టమను, ఇడసొద్దు. పిసినారి నాబట్ట."

"అక్కా, ఒక్క గుండుకని వస్తే సీర గూడా నా నెత్తినేనా?" అన్నాడు అతను, అంటూనే కూర్చోవడానికి పంచె సర్దుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రత్నమ్మ కూడా నవ్వింది. నాగులమ్మ మాత్రం పెంచలయ్య చెవి దగ్గరికి వంగింది, ఆమె గుసగుస ఏకాంబరానికి వినిపించింది.

"అబ్బా, నెత్తురు సూసి భయపడి ఆపొద్దు. పోయినసారి సగంలో ఆపేసినారు. యట్లన్నా గానీ, నిండు గుండు గావాల."

"నా సేతిలో నెత్తురేంది తల్లీ? ఈగ వాలితే జారిపోవాల, అట్ల తీస్తా." పెంచలయ్య కత్తి అందుకున్నాడు.

"మేనమామ ఎందుకు లేడో అడగవా?" అని ఎవరో అన్నారు. అన్నది తనేనని ఏకాంబరానికి ఆ తరవాత తెలిసింది. నవ్వు ఆగింది. అతను తల్లి వైపు తిరిగాడు. "నీ తమ్ముళ్ళు ఎందుకు లేరమ్మా? నా అన్న ఎందుకు లేడు? దీని తమ్ముడు బొడ్డు కోస్తేనే ఎందుకు పోయినాడు? ఈ ఇంట్లో పుట్టిన మగబిడ్డ ఒక్కడన్నా సొంత మేనమామ ఒళ్ళో కూర్చున్నాడా? మన మగోళ్ళకు నెత్తురు నిలవదమ్మా. అది మీ నుంచి వస్తాది. నీ నుంచి అక్కకు, అక్క నుంచి దీనికి. మొక్కు ఆలీసెం గాదు, సగం గాదు. కత్తి తగిలితే వీడు గూడా పోతాడు."

నాగులమ్మ ముఖం మారలేదు. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"నాకు తెల్దా?" అంది.

అతను ఆ మాటకు సిద్ధంగా లేడు.

"మా యమ్మ సెప్పే పోయింది, మా ఆడోళ్ళ కడుపున మగోళ్ళు నిలవరని. అందుకే గదరా దీన్ని బయటికీకుండా నీకు కట్టింది. ఊర్లోవాళ్ళ కొంపలు యాల కూల్చాల? మనది మన ఇంట్లోనే ఉండనీ అనుకుంటి. నువ్వు నిలవలా? నిలిచేవోడు నిలుస్తాడు. సామి సెరుగుతాడు నాయనా, తాలు పోతాది, గింజ ఉంటాది. ఆ సెరిగేదేందో ఆయన ముందరే సెరగనీ."

చాక్‌పీసు పట్టుకుని అతను చెప్పే పాఠం అది. ఒక్క మాట తేడా లేదు. తప్పు అని చెప్పడానికి అతని దగ్గర శాస్త్రంలో ఏమీ లేదు. శాస్త్రం తల్లి వైపే ఉంది. కొడుకు రత్నమ్మ ఒళ్ళో తడితలతో కూర్చుని చెంబు కోసం చెయ్యి చాస్తున్నాడు.

రత్నమ్మ తల ఎత్తింది. ఆమె అవ్వ వైపు చూడలేదు.

"సుబ్బులుకు గూడానా మామా?"

"ఉండచ్చు. లేకపోవచ్చు."

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. పిల్లవాణ్ణి ఎత్తి అతని చేతుల్లో పెట్టింది, మళ్ళీ పలక మీద కూర్చుని ముడి విప్పింది. జుట్టు నేల మీదికి జారింది.

"నాకు గీయప్పా."

"ముత్తైదువ్వి, నీకేల తల్లీ? మూడు కత్తెర్లు ఇస్తే సాలు," అన్నాడు పెంచలయ్య.

"అవ్వకు నిండు గుండు గావాలంట గదా. నెత్తురు నాదయితే మొక్కు గూడా నాదే."

"ఆడదాని గుండుకు మగబిడ్డ బతుకుతాడా మే?" అంది నాగులమ్మ.

"తెల్దవ్వా. సుబ్బులు బిడ్డలకన్నా ఒక మేనమామ ఉండనీ."

పెంచలయ్య ఏకాంబరం వైపు చూశాడు. ఏకాంబరం తల ఊపాడు. కత్తి నుదుటి మీంచి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వెళ్ళింది. జుట్టు ఆమె ఒళ్ళో పడింది, ఆమె దాన్ని తీయలేదు. చెవి వెనక ఒక చోట కత్తి తగిలి ఎర్రగా ఒక చుక్క లేచింది. పెంచలయ్య వేలితో పటిక అద్దాడు. ఆగింది. నాగులమ్మ ఆ చుక్కను ఆగేదాకా చూసి ముఖం తిప్పుకుంది. వరసలో వెనక ఎవరో, ఇంకెంతసేపు, అన్నారు. సుబ్బులు బిడ్డలు అంటే, సుబ్బులు కూడా అది మోస్తుంటే, మళ్ళీ ఇదే వరస. రత్నమ్మకు ఆ సంగతి తెలియదా? తెలిసే అన్నదేమో. చెంగయ్య మేనమామ కావాలంటే ఎన్ని గడపలు దాటాలి, ఎన్ని పాలపళ్ళు ఊడాలి, ఎన్ని చెట్లు ఎక్కకుండా ఉండాలి. ఏకాంబరం ఆ ఏళ్ళను తలుచుకోబోయి ఆపేశాడు.

రత్నమ్మ లేచి నెత్తిన గంధం రాయించుకుని వచ్చి చేతులు చాపింది. చెంగయ్య ఆమెను చూశాడు. గుర్తుపట్టలేదు. ముఖం తిప్పి తండ్రి భుజంలో దాచుకున్నాడు, మళ్ళీ చూశాడు, కెవ్వుమన్నాడు. "నేనేరా, అమ్మనురా," అంది ఆమె. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. కాళ్ళు తన్ని, నడుము వెనక్కి విరిచి, కిందికి దిగాలని గింజుకున్నాడు. కింద తడిసిన బండ, దాని మీద చెంబులు, కత్తులు. ఏకాంబరం వాణ్ణి రెండు చేతులతో పట్టుకున్నాడు. వదిలితే పడతాడు. గట్టిగా పట్టుకుంటే వేళ్ళ కింద కమిలిపోతాడు. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియక ఏకాంబరం వరసకు అడ్డంగా నిలబడిపోయాడు.